ఊర్మిళ నిద్ర పోయే గింజలు

భద్రాచలం నుంచి గోదావరి ఒడ్డు వెంబడే ఎగువకు సుమారు 35 కిలోమీటర్లు పోతే పర్ణశాల అనే ఊరు వస్తుంది. దుమ్ముగూడెం మండలం. 2016 దాకా ఇది ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. అరణ్యవాసం చేస్తూ సీతారామలక్ష్మణులు ఆకుల పాక వేసుకున్నది ఇక్కడేనని అక్కడివాళ్లు చెబుతారు. సీతమ్మ చీరలు ఆరవేసుకున్న రాళ్లని కొన్నిటిని వాగు దగ్గర చూపిస్తారు కూడా. భద్రాచలం యాత్రకు వెళ్లినప్పుడు మీలో కొందరు వాటిని చూసే ఉంటారు.

మనం ఇప్పుడు చెప్పుకోబోయేది రాముడి కథ కాదు, గింజల సంగతి. అయినా ఆ కథలో ఒక ముచ్చట మనకు బాగా పనికి వస్తుంది. అడవిలో ఉన్న పద్నాలుగేళ్లూ లక్ష్మణుడు కన్ను మూయలేదట. ఆయన వంతు నిద్ర కూడా అయోధ్యలో ఆయన భార్య ఊర్మిళే పోయిందట. "ఊర్మిళాదేవి నిద్ర" అనే పాట ఉన్నది. మీ అమ్మమ్మకో, నాయనమ్మకో తెలిసి ఉంటుంది, అడిగి చూడండి.

పర్ణశాల చుట్టూ ఉన్న అడవిలో గింజలు కూడా ఇట్లాగే రెండు తెగలు. ఇప్ప చెట్టును తీసుకోండి. వేసవి మొదట్లో పూస్తుంది. కాయలు పండి రాలేసరికి తొలకరి రానే వస్తుంది. తడి తగిలిందో లేదో ఇప్పగింజ మొలకెత్తుతుంది. తరవాత నాటుకుందామని దాచి పెడితే కొద్ది వారాల్లోనే దానిలోని ప్రాణం పోతుంది. దానికి నిద్ర అంటే ఏమిటో తెలియదు. అది లక్ష్మణుడి గింజ.

అదే అడవిలో టేకు ఉన్నది. టేకు కాయ లోపల రాయి వంటి పెంకు, ఆ పెంకులో గింజలు. దాన్ని వాన తడిపినా లేవదు. టేకు నారు పెంచేవాళ్లు కాయలను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పగలంతా ఎండబెట్టి, మళ్లీ నానబెట్టి, మళ్లీ ఎండబెట్టి, వారం పది రోజులు, ఒక్కొక్కసారి రెండు వారాలు తంటాలు పడతారు. అప్పటికైనా అన్నీ ఒక్కసారి లేస్తాయా? లేవవు. ఇవాళ ఒకటి, పది రోజులకు ఇంకొకటి, వచ్చే యేడు మరొకటి. ఇది ఊర్మిళ గింజ.

ఇట్లా బతికి ఉండి కూడా, తడీ గాలీ వెచ్చదనమూ దొరికి కూడా, మొలకెత్తకుండా ఉండే స్థితిని శాస్త్రజ్ఞులు "నిద్రావస్థ" అంటారు. నిద్రపోయే గింజకూ చచ్చిన గింజకూ చూపులో తేడా ఉండదు. లేచిన తరవాతనే తెలుస్తుంది.

ఈ నిద్ర వల్ల మొక్కకు ఏమిటి లాభం? గోదావరి ఒడ్డున నిలబడి ఆలోచిస్తే జవాబు సులువుగా దొరుకుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగుల మట్టానికి పొంగింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. పెద్ద వరద వచ్చినప్పుడల్లా పర్ణశాలలోకి నీళ్లు వస్తాయి. ఒడ్డున మొలిచే ఒక గడ్డి మొక్క తన గింజలన్నిటినీ జూన్ వానకే లేపిందనుకోండి. వరదకు ఆ పిల్ల మొక్కలన్నీ ఒండ్రు కింద పడిపోతాయి, వంశం సరి. కొన్ని గింజలు మట్టిలోనే నిద్రపోతూ ఉంటే? వరద తీసిన తరవాత అవి లేస్తాయి. వరద లేకపోయినా, తొలకరి ఒక వాన కురిసి నెల రోజులు ముఖం చాటు చేసే సంవత్సరాలు మనకు కొత్త కాదు. ఆ సంవత్సరం తొందరపడ్డ గింజ ఎండిపోతుంది, బద్ధకించిన గింజ బతుకుతుంది. అడవి మొక్కలకు బద్ధకమే భాగ్యం అన్నమాట!

ఆ చుట్టుపక్కల కోయవాళ్లు దుక్కి మొదలుపెట్టేముందు విత్తనాల పండుగ చేస్తారు. దాన్ని విజ్జి పండుం అంటారు. విత్తనం లేవటం లేవకపోవటం మీద ఇంటిల్లిపాది తిండి ఆధారపడిన వాళ్లకు అది పండుగ చేసుకోవలసిన సంగతే.

ఇక పొలానికి వద్దాం. అసలు పేచీ అక్కడ ఉన్నది.

2023 డిసెంబరు 5వ తేదీన మిగ్‌జాం అనే తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆంధ్రప్రదేశ్‌లోనే కాదు, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో కూడా కుండపోత వానలు పడ్డాయి. అది వరి కోతల కాలం. కొన్ని చేలు కోతకు సిద్ధంగా ఉన్నాయి, కొన్ని కోసి పనల మీద ఉన్నాయి, కొన్ని కల్లాల్లో రాశులుగా ఉన్నాయి. చేలు పడిపోయి, కంకులు నీళ్లలో నానాయి. ఇట్లా నాలుగైదు రోజులు నానితే ఏమవుతుందో రైతుల పిల్లలకు చెప్పనక్కర్లేదు. కంకి మీద ఉన్న గింజ కంకి మీదనే తెల్లగా మొలక వేస్తుంది.

మొలక వచ్చిన ధాన్యం ఎందుకూ పనికిరాదు. విత్తనానికి పనికిరాదు, ఎందుకంటే అది ఒకసారి లేచిపోయింది. అన్నానికీ పనికిరాదు. లేచేటప్పుడు గింజ తన కడుపులోని పిండిని చక్కెరగా మార్చుకుంటుంది. మొలకెత్తిన రాగుల పిండి తియ్యగా ఉండేది అందుకే. అట్లా గుల్లబారిన వడ్లను మరలో వేస్తే బియ్యం రావు, నూక వస్తుంది. నాలుగు నెలల కష్టం నాలుగు రోజుల్లో పోయినట్టే.

అటువంటప్పుడు వ్యవసాయ శాఖవారు ఒక చిట్కా చెబుతారు. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కంకుల మీదా పనల మీదా చల్లమంటారు. ఉప్పు ఊరగాయలో కాయ నీరు వదులుతుంది చూశారా? ఆ కిటుకే ఇక్కడా పని చేస్తుంది. చుట్టూ ఉప్పు నీళ్లు ఉంటే గింజ సులువుగా నీరు పీల్చుకోలేదు, కనక లేవటం ఆలస్యమవుతుంది. మంచి చిట్కాయే, కాని అది ఇల్లు అంటుకున్నప్పుడు బిందెతో నీళ్లు పోయటం వంటిది.

ఇక్కడ ఒక విచిత్రం. ఒకే ఊళ్లో, ఒకే వానలో, పక్కపక్క చేలల్లో ఒక రకం వరి కంకి మీదనే మొలకెత్తుతుంది, మరొక రకం చెక్కుచెదరకుండా ఉంటుంది! వాన ఒకటే, నేల ఒకటే, ఎండ ఒకటే. ఇంకేం తేడా మిగిలింది? పుట్టుక. అంటే గింజ ఎంత సేపు నిద్రపోతుంది, ఎంత తొందరగా లేస్తుంది అనేది దానికి తల్లిదండ్రుల నుంచి వచ్చిన గుణం. మీకు మీ నాన్న ముక్కు వచ్చినట్టే!

ముక్కు వచ్చినట్టే అన్నాను గాని, ఎత్తు వచ్చినట్టు అంటే ఇంకా బాగుంటుంది. మెండెల్ అనే ఆయన బఠాణీ మొక్కల మీద ప్రయోగాలు చేసి, వాటి ఫలితాలను 1865లో చదివి వినిపించాడు. ఆయన ఎంచుకున్న గుణాలు స్పష్టంగా ఉండేవి. గింజ అయితే పసుపు, లేకపోతే పచ్చ, మధ్యరకం లేదు. నిద్ర అట్లా కాదు. బాగా నిద్రపోయే వరినీ అసలు నిద్రలేని వరినీ సంకరం చేసి, మనమల తరం దాకా పెంచి చూస్తే, రెండు రోజులకు లేచేవి, వారానికి లేచేవి, నెలకు లేచేవి, ఇట్లా మెట్ల వరస లాగా అన్ని రకాలూ కనిపిస్తాయి. ఎందుకంటే ఈ గుణాన్ని నడిపే జన్యువు ఒకటి కాదు, అనేకం. వరికి 12 క్రోమోజోములు, అంటే జన్యువులు బారులు తీరి ఉండే దారాల వంటివి, పన్నెండు జతలు ఉంటాయి. నిద్రను మార్చే చోట్లు దాదాపు అన్ని దారాల మీదా దొరికాయి. ఒక్కొక్కటీ నిద్రను కొంచెం పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది. అన్నిటి లెక్కా కూడితే ఆ గింజ నిద్ర ఎంతో తేలుతుంది.

ఇంకొక తమాషా కూడా ఉన్నది. మీరు వడ్లగింజను చేతిలోకి తీసుకున్నప్పుడు మీ చేతిలో ఉన్నది ఒక్క ప్రాణి కాదు. పైన ఉన్న ఊకా, దాని కింది పొట్టూ తల్లి మొక్క శరీరంలోని భాగాలు. లోపల ఉన్న మొలక తల్లికీ తండ్రికీ పుట్టిన బిడ్డ. బిడ్డకు ఆహారంగా ఉన్న పిండిలో తల్లివి రెండు వాటాలు, తండ్రిది ఒక వాటా. అమ్మ చీరకొంగు కప్పుకుని, అమ్మ కలిపిపెట్టిన ముద్ద పక్కన పెట్టుకుని పిల్ల నిద్రపోతున్నట్టు ఉంటుంది గింజ! కనక గింజ ఎంత సేపు నిద్రపోతుందో నిర్ణయించేది బిడ్డ జన్యువులు మాత్రమే కాదు, కొంగు కప్పిన తల్లి జన్యువులు కూడా. సంకరం చేసిన శాస్త్రజ్ఞులు ఫలితం కోసం ఒక తరం అదనంగా ఎదురుచూడవలసి వచ్చేది ఇందుకే. తండ్రి నుంచి వచ్చిన గుణం పొట్టులో కనపడాలంటే, ఆ బిడ్డ పెరిగి పెద్దదై తానే తల్లి కావాలి.

పొట్టు మాట వచ్చింది కాబట్టి ఎర్ర బియ్యం సంగతి చెప్పాలి. వరి పొలాల్లో ఒక్కొక్కచోట కలుపు వరి అని వస్తుంది. చూడటానికి వరి లాగే ఉంటుంది, కాని గింజలు ముందే రాలిపోతాయి, చాలావాటికి బియ్యం ఎర్రగా ఉంటుంది. రాలిన గింజలు మట్టిలో కొన్ని సంవత్సరాలు కూడా నిద్రపోయి, ఒక్కొక్క యేడూ కొన్ని కొన్ని లేస్తాయి. రైతు ఈ యేడు పీకేశాననుకుంటాడు, వచ్చే యేడు మళ్లీ తయారు. అడవి వరి కూడా ఇటువంటిదే: ఎర్ర పొట్టు, మొద్దు నిద్ర.

ఎర్రదనమూ, నిద్రా ఎప్పుడూ జంటగా ఎందుకు తిరుగుతున్నాయి? గోధుమల్లో కూడా తెల్ల గోధుమ వానకు తొందరగా మొలకెత్తుతుందనీ, ఎర్ర గోధుమ ఆగుతుందనీ స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు నిల్సన్-ఏలే 1914లోనే రాశాడు. వరి విషయంలో గుట్టు ఈ శతాబ్దంలో బయటపడింది. బియ్యానికి ఎరుపు ఇచ్చే జన్యువు పేరు ఆర్‌సీ. మనం తినే తెల్ల బియ్యపు రకాల్లో చాలావాటిలో ఆ జన్యువు నుంచి 14 అక్షరాలు ఊడిపోయి ఉన్నాయని 2006లో కనిపెట్టారు. జన్యువు అంటే నాలుగే నాలుగు అక్షరాలతో రాసిన పొడుగాటి వాక్యం అనుకోండి. అందులో 14 అక్షరాలు ఎగిరిపోతే వాక్యానికి అర్థం పోయింది, ఎరుపు పోయింది. (వనవాసం కూడా పద్నాలుగేళ్లే గదా అని మీరు అంటారేమో. అది ఒట్టి కాకతాళీయం.) 2011లో ఇంకొక సంగతి తేలింది. ఆ జన్యువు ఎరుపును మాత్రమే ఇవ్వటం లేదు, గింజ ముదిరేటప్పుడు దానిలో నిద్రమందును కూడా పెంచుతున్నది. ఒకే జన్యువు, రెండు పనులు. ఎరుపు పోయినప్పుడు దానితోపాటు కొంత నిద్ర కూడా పోయింది!

అంటే జరిగిందేమిటో చూడండి. వేల సంవత్సరాల కిందట మన పూర్వులు అడవి వరిని మచ్చిక చేసుకున్నారు. తెల్లటి బియ్యం వాళ్లకు నచ్చింది, తెల్ల గింజలనే విత్తనానికి దాచుకున్నారు. అదొక్కటే కాదు. విత్తనాలు చల్లిన తరవాత ఏవి వెంటనే లేచాయో అవే పంటకు వచ్చాయి, ఏవి బద్ధకించాయో అవి దుక్కిలోనే ఉండిపోయాయి. కోసిన ధాన్యమంతా తొందరగా లేచినవాటిదే. వచ్చే యేడు విత్తనం అందులోనిదే. ఇట్లా ఎవరూ కావాలని చేయకుండానే, ప్రతి పంటలోనూ ఊర్మిళలు వెనకబడిపోయి, లక్ష్మణులు మిగిలారు. రైతుకు మొదట అది ఎంతో హాయిగానే ఉండి ఉంటుంది. చల్లిన గింజలన్నీ ఒకే రోజున లేస్తే ఎవరికి సంతోషం కాదు? కోతల నాటి వాన వచ్చినప్పుడే దాని ఖరీదు తెలిసింది.

నిద్రమందు అన్నాను గదా, దాని పేరు అబ్సిసిక్ ఆమ్లం. గింజ ముదిరేటప్పుడు ఇది దానిలో చేరి, లేవకుండా ఆపుతుంది. దీనికి ఎదురుగా పని చేసేది జిబ్బరెల్లిన్. ఇది కోడికూత వంటిది. గింజ తడిసినప్పుడు మొలక దీన్ని తయారుచేసి, పిండి చుట్టూ ఉన్న పొరకు కబురు పంపుతుంది. ఆ పొర వెంటనే పిండిని చక్కెరగా మార్చే రసాలను వదులుతుంది. ఈ ఇద్దరి మధ్య ఎవరి బలం ఎక్కువైతే గింజ వాళ్ల మాట వింటుంది.

జిబ్బరెల్లిన్ దొరికిన విధం కూడా వినదగ్గది. జపాను దేశంలో వరి నారుకు ఒక తెగులు వచ్చేది. తెగులు తగిలిన మొక్కలు పొడుగ్గా, పీలగా, పిచ్చిగా పెరిగి పడిపోయేవి. అక్కడి రైతులు వాటిని "వెర్రి నారు" అనేవాళ్లు. ఆ తెగులు కలిగించే బూజు వదిలే ఏదో పదార్థమే దీనికి కారణమని కురొసావా అనే శాస్త్రజ్ఞుడు 1926లో రుజువు చేశాడు. తరవాత చూస్తే, అటువంటి పదార్థాన్నే మొక్కలు తమంతట తామే కొద్దికొద్దిగా తయారుచేసుకుంటున్నాయి! 1966లో విడుదలై, మన పశ్చిమ గోదావరిలో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు వంటివారు పండించి చూపిన ఐ.ఆర్. 8 అనే పొట్టి వరి ఉన్నది గదా, అది పొట్టిగా ఉండటానికి కారణం దానిలో జిబ్బరెల్లిన్ తయారీకి కావలసిన ఒక జన్యువు పాడై ఉండటమే. అదే లోపం గింజ నిద్రను కూడా కొంత పెంచుతుందని 2015లో తేలింది. కొన్ని లోపాలు మేలే చేస్తాయి.

ఇక జన్యువుల పేర్లు. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే జానెడు మొక్క శాస్త్రజ్ఞులకు పెంపుడు జంతువు వంటిది. ఆఫ్రికా పక్కన సముద్రంలో ఉన్న కేప్ వర్డ్ దీవుల నుంచి తెచ్చిన అరబిడాప్సిస్ గింజలు గాఢంగా నిద్రపోతాయి. యూరపు నుంచి తెచ్చిన ఒక రకం తొందరగా లేస్తుంది. వాన అరుదైన దీవుల్లో తొందరపడితే బతుకు లేదు మరి. ఈ రెంటినీ సంకరం చేసి వెతికితే దొరికిన జన్యువును 2006లో పూర్తిగా గుర్తుపట్టారు. "మొలకెత్తడంలో ఆలస్యం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి దానికి పేరు పెడితే "డాగ్" అయింది. అంటే కుక్క! గింజ గుమ్మంలో పడుకుని ఎవరినీ లేపనివ్వని కుక్క అన్నమాట.

వరిలో పేరు పొందినది ఎస్‌డీఆర్4. దీన్ని జపాను శాస్త్రజ్ఞులు 2010లో బయటపెట్టారు. వాళ్లు సంకరం చేసిన రెండు రకాల్లో ఒకటి తొందరగా లేచే జపాను వరి నిప్పన్‌బరె, రెండవది నిద్రపోయే మన దేశపు వరి కసలత్. ఈ జన్యువు నేరుగా పని చేయదు, మేస్త్రీ లాగా ఇతర జన్యువుల చేత పని చేయిస్తుంది. జపాను తరహా వరులలో దీని బలహీనమైన రూపమే కనిపించింది. మన తరహా వరులలో రెండు రూపాలూ ఉన్నాయి. కాబట్టి మనవాళ్లకు కావలసిన నిద్ర కోసం దూరం పోనక్కర్లేదు, మన పాత వడ్లలోనే వెతుక్కోవచ్చు.

అయితే గింజలను హాయిగా మూడు నెలలు నిద్రపుచ్చితే సరిపోతుందా? సరిపోదు. నవంబరులో కోసిన వడ్లే డిసెంబరులో యాసంగి నారుమడికి విత్తనం కావలసి రావచ్చు. తాలిపేరు కాలవ కింద రెండో పంట వేసే రైతు, విత్తనం లేచేదాకా కాలవ ఒడ్డున కూచుని జోకొట్టలేడు. వడ్లను ఒక రోజు నానబెట్టి, గోనెసంచిలో మండె కట్టి, మర్నాటికి తెల్లటి ముక్కులు రాకపోతే రైతు గుండెలో రాయి పడుతుంది. కొత్త వడ్లు లేవటానికి మొండికేస్తే, నీటిలో కొద్దిగా నత్రికామ్లం కలిపి నానబెట్టి, బాగా కడిగి మండె కట్టే పద్ధతి ఉన్నది. ఆ ఆమ్లం చేతికి తగిలితే కాలుతుంది, అది పెద్దవాళ్ల పని, మీరు దాని జోలికి పోకండి.

కనక కావలసింది మొద్దు నిద్ర కాదు, కొలిచిన కునుకు. కోతల నాటి వాన గండం గడిచేదాకా రెండు మూడు వారాలు పడుకోవాలి. ఆ తరవాత మండె కట్టగానే అన్నీ ఒక్కసారి లేవాలి. 1925లో మొదలైన పశ్చిమ గోదావరి మారుటేరు వరి పరిశోధన స్థానం, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వంటి చోట్ల కొత్త రకాన్ని తయారుచేసేటప్పుడు దిగుబడీ, తెగుళ్లూ చూసినట్టే నిద్రను కూడా చూస్తారు. కోసిన వడ్లను ప్రతి వారమూ నూరేసి చొప్పున తడిపి, ఎన్ని లేచాయో లెక్క పెడతారు. రకాల వివరాలు రాసిన పుస్తకాల్లో "నిద్రావస్థ రెండు వారాలు" వంటి మాట కనిపిస్తే అది ఇట్లా లెక్క పెట్టగా వచ్చినదే. మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే ఈసారి విత్తనం కొనేటప్పుడు నాన్ననో తాతనో ఈ సంగతి అడగమనండి.

ఈ బాధ వరికి మాత్రమే కాదు. గుత్తి రకం వేరుశనగకు నిద్ర లేదు. తవ్వకముందు వాన పడితే కాయలోని గింజ భూమిలోనే మొలకెత్తుతుంది. నేల మీద పాకే తీగ రకానికి నిద్ర ఉన్నది. పటాన్‌చెరువులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థవారు సంకరాలు చేసి, నిద్ర ఉన్న గుత్తి రకాలను కూడా తయారుచేశారు.

నిద్ర తీరిన గింజలన్నీ ఒకే వేగంతో లేస్తాయా అంటే అదీ లేదు. ఈ మధ్య నారు పోయకుండా వడ్లను నేరుగా పొలంలో వెదజల్లే పద్ధతి పెరిగింది. చల్లిన మర్నాడే పెద్ద వాన పడి మడి నిండిందా, చాలా రకాలు నీటి అడుగున ఊపిరాడక మురిగిపోతాయి. బర్మా దేశపు ఖావో హ్లాన్ ఆన్ అనే నాటు వరి మాత్రం నీటి అడుగున కూడా చకచకా లేచి పైకి వస్తుంది. పిండిని చక్కెరగా మార్చుకుని మొలకకు తొందరగా అందించేటట్టు చేసే జన్యువు ఒకటి దానిలో ఉన్నదని 2015లో కనిపెట్టారు. ఒక జన్యువు పడుకోబెడితే మరొకటి పరిగెత్తిస్తుంది.

ఇంత చదివిన తరవాత మీరే ఒక ప్రయోగం చేసి చూడవచ్చు. దీనికి కావలసినవి పెసలు, గుడ్డ, నోటు పుస్తకం, అన్నిటికంటె ముఖ్యంగా ఓపిక.

సరిగ్గా నూరు పెసలు లెక్కపెట్టి నానబెట్టండి. సాయంత్రానికి చూస్తే చాలావరకు ఉబ్బి ఉంటాయి. ఒకటో రెండో, ఒక్కొక్కసారి పదో, నీళ్లే తాగనట్టు చిన్నవిగా గట్టిగా ఉంటాయి. మొలకలు తినేటప్పుడు పంటి కింద రాయి లాగా తగిలేవి ఇవే. వాటిని పారవేయకండి. తక్కినవాటిని తడిగుడ్డలో కట్టి, మూడు గంటలకు ఒకసారి విప్పి, ముక్కు కనిపించినవాటిని లెక్కపెట్టి రాసుకోండి. సగం గింజలు లేవటానికి ఎన్ని గంటలు పట్టిందో చూడండి. అదే మీ పెసల వేగం. పక్కింటివాళ్ల పెసలతోనూ ఇట్లాగే చేసి పోల్చండి.

గట్టి గింజల్లో సగాన్ని గరుకు కాగితం మీద కొంచెం రుద్ది మళ్లీ నానబెట్టండి. అవి ఉబ్బి మొలకెత్తుతాయి. అంటే వాటికి లోపల మందు ఏమీ లేదు, తల్లి కప్పిన కొంగే నీరు దూరనంత బిగువుగా ఉన్నది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ బిగువు పుట్టుకతో వచ్చినదా, లేక కాయ ఎండినప్పటి ఎండా గాలీ వల్ల వచ్చినదా? ఇది ఊహించి చెప్పేది కాదు, పండించి చూడవలసినది. అందరికంటె ముందు లేచిన అయిదు మొలకలను ఒక కుండీలో నాటండి. రుద్దితే తప్ప లేవని అయిదింటిని పక్కనే ఇంకొక కుండీలో నాటండి. మట్టి, నీరు, ఎండ రెంటికీ సమంగా ఉండాలి. లేకపోతే తేడా వస్తే ఎందుకు వచ్చిందో తెలియదు. పెసర మొక్క తన పుప్పొడితోనే తాను కాయలు కాస్తుంది కనక, ఒక కుండీ గుణం రెండో కుండీలోకి పోతుందన్న భయం లేదు. సుమారు 70 రోజులకు కాయలు ఎండుతాయి. రెండు కుండీల కాయలనూ విడివిడిగా కోసి, పేర్లు రాసిన పొట్లాలు కట్టి, రెంటినీ ఒకే డబ్బాలో నెల రోజులు ఉంచండి. ఆ తరవాత ఒకే రోజున, ఒకే నీళ్లలో, ఒకే సంఖ్యలో నానబెట్టి, ఎన్ని గట్టిగా మిగిలాయో లెక్కపెట్టండి. రెండో కుండీ పొట్లంలోనే గట్టి గింజలు బాగా ఎక్కువ కనిపిస్తే అది వంశగుణం అయి ఉండవచ్చు. రెండింటిలోనూ సమంగా ఉంటే మొదటిసారి కనిపించిన తేడా ఎండా గాలీ చేసిన పని కావచ్చు. అయిదు మొక్కలు చాలా తక్కువ, కాబట్టి మీ తరగతిలో పదిమంది చేసి లెక్కలన్నీ కలిపి చూస్తే ఆ మాటను ఇంకొంచెం ధైర్యంగా చెప్పవచ్చు.